విమానము నేలను విడుచు వేళ

2008వ సంవత్సరము మార్చి నెల వరకు యూసుఫ్‌గూడ, అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతముల గృహస్థులకు విమానపు మ్రోత దినచర్యలో ఒక భాగముగా నుండెడిది. బేగంపేటలో లేచిన జెట్టు విమానము దాపున పోవునపుడు ఇంటిలోని సంభాషణ ఒక్క క్షణము ఆగి మరల సాగెడిది. రేడియో వినుచున్నవారు వార్తలలో ఒక వాక్యమును కోల్పోయెడివారు. ఆ మ్రోత వెనుక ఎంత లెక్క, ఎంత జాగ్రత్త, ఎందరి శ్రమ యున్నదో ఆలోచించు నవసరము ఎవరికిని అంతగా కలుగలేదు. ఆ యేడు మార్చి 23వ తేదీన శంషాబాదులో క్రొత్త విమానాశ్రయము పని ప్రారంభించుటతో ప్రయాణికుల విమానములు బేగంపేటను విడిచిపోయినవి. మ్రోత తగ్గినది. దానితోపాటు ఆ రన్‌వే మీద ఒకనాడు జరిగిన ప్రమాదపు జ్ఞాపకము కూడ చాలమందిలో మాసిపోయినది.

ఈ ప్రసంగములో మేము ఆ ప్రమాదమును ముందుంచుకొని ఒక్క విషయము చెప్పదలచితిమి. విమానము పరుగు మొదలిడి నేలను విడుచుటకు పట్టు కాలము ఒక నిమిషము కంటె తక్కువ. ఆ కొద్ది కాలములో పైలటు క్రొత్తగా చేయగలిగినది స్వల్పము. చేయవలసినదానిలో చాలభాగము అంతకు ముందే, నేల మీద, పలువురి చేతులలో జరిగి యుండవలెను. ఆ పలువురిలో విమానము ఎన్నడును ఎక్కనివారు కూడ కలరు. రన్‌వే కొసన గోడ కవతల నివసించువారును, ఆ దారిని పోవువారును, ఆ ప్రాంతమును పాలించువారును అందులో చేరినవారే.

బేగంపేట విమానాశ్రయము 1930 తరువాతి సంవత్సరములలో, నిజాము ప్రభుత్వ కాలమున రూపు దిద్దుకొన్నది. 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ ఇచ్చటినుండియే డకోటా విమానములను నడిపినది. 1953లో దేశములోని విమాన సంస్థలను జాతీయము చేసినపుడు ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలసిపోయినది. డకోటా నింపాదియైన విమానము. వెడల్పైన రెక్కలతో, నేటి జెట్టుతో పోల్చినచో చాల తక్కువ వేగముననే నేలను విడువగలిగెడిది. 1964లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ కారవెల్ జెట్లను తెచ్చినది. 1970 తరువాత బోయింగ్ 737 విమానములు వచ్చినవి. ప్రయాణము త్వరితమైనది, కాని నేలను విడుచు పని మునుపటికంటె సున్నితమైనది.

1978వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీ, ఆదివారము. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన బోయింగ్ 737 విమానము, వీటీ-ఈఏఎల్ అను నమోదు గుర్తు గలది, 130 మందికి పైగా మనుష్యులతో బేగంపేట రన్‌వే మీద పరుగు తీసినది. నేలను విడువవలసిన వేగము వచ్చినది. ముక్కు పైకి లేచినది. కాని రెక్కల ముందంచున తెరచుకొని యుండవలసిన పలకలు తమ పని చేయలేదు. విమానమునకు పైకి పోవు శక్తి చాలలేదు. పైలటు దానిని మరల నేలకు దింపవలసి వచ్చినది. చక్రముల మీద గాక పొట్ట మీదనే విమానము నేలను తాకి, జారుచు పోయి, విమానాశ్రయపు సరిహద్దును దాటి ఆగినది. మంటలు లేచినవి. అంతటి ప్రమాదములోను విమానములోనివారు ఒక్కరు తప్ప అందరును ప్రాణములతో బయటపడిరి. కాని విమానము జారిపోయిన దారిలో నేల మీద నున్న ముగ్గురు మరణించిరి.

చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఆనాడు ఎచ్చటికిని ప్రయాణము కట్టినవారు కారు. ఆ లెక్కను మనస్సులో నుంచుకొనవలెనని శ్రోతలను కోరుచున్నాము. దానిని గురించి మరల ముచ్చటింతుము. ముందుగా, రెక్క ముందంచున కొన్ని పలకలు తెరచుకొననంత మాత్రమున అంత పెద్ద విమానము ఎందుకు లేవలేకపోవునో చూతము.

సంక్రాంతి దినములలో మేడ మీద గాలిపటము ఎగురవేసిన ప్రతి పిల్లవానికిని ఈ రహస్యము కొంత తెలియును. పటమును గాలికి ఎదురుగా కొంచెము వాలుగా నిలిపినచో అది లేచును. సూత్రము సరిగా కట్టక, పటము మరీ నిటారుగా గాలికి అడ్డము తిరిగినచో అది లేవదు. గిరగిర తిరిగి ప్రక్కింటి దాబా మీద కూలును. విమానపు రెక్క విషయమును ఇట్టిదే. రెక్క మీదుగా పోవు గాలి దాని వంపును అంటిపెట్టుకొని పోవునంతవరకు పైకెత్తు బలము ఉండును. రెక్కను మితిమించి పైకి వాల్చినచో గాలి ఆ వంపును వదలి విడిపోవును. అప్పుడు ఇంజన్లు ఎంత గర్జించుచున్నను రెక్క మోయదు. దీనినే విమానము వారు స్టాల్ అందురు.

జెట్టు విమానపు రెక్క ఆకాశములో గంటకు 800 కిలోమీటర్ల వేగమునకు తగినట్లు పలుచగా, వెనుకకు వాలి యుండును. ఆ వేగమున అది దివ్యముగా పని చేయును. కాని రన్‌వే మీద వేగము అందులో మూడవ వంతు కూడ ఉండదు. ఆ తక్కువ వేగమున అంత బరువును ఎత్తుటకు ఆ రెక్క చాలదు. అందువలన లేచునపుడును దిగునపుడును రెక్కను కొంతసేపు పెద్దదిగా, వంపుగా మార్చుదురు. వెనుక అంచున క్రిందికి జారు పలకలను ఫ్లాపులందురు. కిటికీ ప్రక్కన కూర్చున్నవారు వీనిని చూచియే యుందురు. ముందంచున జారి బయటకు వచ్చువానిని స్లాట్లందురు. ఆనాటి బోయింగ్ 737లో ఒక్కొక్క రెక్కకు స్లాట్లు మూడును, ఇంజనుకు లోపలి వైపున క్రూగర్ పలకలను రెండును ఉండెడివి. ముందంచు పలకల పని గాలిని రెక్క వంపు వెంట నడపుట. అవి తెరచుకొననిచో, లేచుటకై ముక్కును పైకెత్తిన ఆ క్షణముననే గాలి రెక్కను వదలును. గాలి యొక్క సహాయము ఎప్పుడు ఎక్కువ కావలెనో అప్పుడే అది తప్పిపోవునన్న మాట.

బేగంపేట ప్రమాదమునకు నాలుగేండ్లు ముందు ఆఫ్రికాలో ఇట్టిదే ఒకటి జరిగినది. 1974 నవంబరు 20వ తేదీన కెన్యా రాజధాని నైరోబీలో లుఫ్తాన్సా వారి బోయింగ్ 747 విమానము 157 మందితో లేచి, కొద్ది ఎత్తున వణకి, రన్‌వే కవతల నేలకు కూలినది. 59 మంది మరణించిరి. జంబో జెట్టులలో ప్రాణనష్టము కలిగిన మొదటి ప్రమాదము అదియే. కారణము వెదకగా, వెనుక ఫ్లాపులు తెరచియే యున్నవి గాని ముందంచు పలకలు తెరచుకొనలేదని తేలినది. ఆ పలకలను నడపునది ఇంజన్ల నుండి వచ్చు ఒత్తిడి గాలి. ఆ గాలిని పంపు కవాటములు మూసియుండెను. నైరోబీ సముద్రమట్టమునకు 1,600 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చటి గాలి పలుచన. ఆ పలుచని గాలిలో లోపము మరింత బయటపడినది. దాని తరువాత ఆ రకపు విమానములలో ముందంచు పలకలు తెరచుకొననిచో పైలటును హెచ్చరించు ఏర్పాటు మెరుగుపడినది.

హైదరాబాదు నైరోబీ అంత ఎత్తున లేదు గాని సముద్రతీరమున కూడ లేదు. బేగంపేట రన్‌వే సముద్రమట్టమునకు సుమారు 530 మీటర్ల ఎత్తున నున్నది. దానికి తోడు మన వేసవి కలదు. మే నెల మధ్యాహ్నమున ఎండ 40 డిగ్రీలు దాటినపుడు గాలి వేడెక్కి పలుచబడును. అట్టి గాలిలో రెక్కకు బలము తగ్గును. ఇంజనుకును బలము తగ్గును. నేలను విడుచుటకు ఎక్కువ పరుగు కావలెను. కనుకనే విమానము కదలుటకు ముందు దాని బరువు, ఆ గంటలోని ఎండ, గాలి వీచు దిక్కు, రన్‌వే పొడవు, ఇవన్నియు లెక్క కట్టుదురు. విమానాశ్రయములో మన పెట్టెలను తూచుట రుసుము కొరకు మాత్రమే కాదు. అమెరికాలోని కుమార్తెకు పంపు ఆవకాయ సీసా కూడ ఆ లెక్కలోనికి వచ్చును. ఒక సీసా వలన విమానము ఆగదు నిజమే. కాని ప్రతివారును ఒక సీసాను చేతిసంచిలో దాచినచో లెక్క కట్టినవాని కాగితమునకును నిజమునకును సంబంధము తెగును.

ఆ లెక్కల నుండి వెలువడు అంకెలలో ముఖ్యమైనది నిర్ణయవేగము. పైలట్లు దీనిని వీ-వన్ అందురు. పరుగులో ఆ వేగము రాకముందు ఏ లోపము కనిపించినను విమానమును ఆపవచ్చును. మిగిలిన రన్‌వే ఆగుటకు చాలును. ఆ వేగము దాటిన పిదప, ఒక ఇంజను చెడినను సరే, ఆపుటకు ప్రయత్నింపరాదు. ఎగిరి, చుట్టు తిరిగి వచ్చి దిగవలెను. ఇద్దరు పైలట్లలో ఒకరు పరుగు నడపుచుండగా రెండవవారు వేగమును చూచుచు ఆ మాటను బిగ్గరగా పలుకుదురు. గంటకు 250 కిలోమీటర్ల వేగమున పోవు విమానము ఒక్క సెకనులో దాదాపు 70 మీటర్లు పోవును. రెండు సెకనులు సందేహించినచో 140 మీటర్ల రన్‌వే వెనుకబడినట్లే. వేగము రెట్టింపైనచో ఆగుటకు కావలసిన దూరము రెట్టింపు గాక నాలుగింతలగును. ఆలోచనకు అచ్చట తావు లేదు. అందువలన ఆలోచననంతయు ముందే ముగించి, పరుగులో దానిని అమలు జరుపుట మాత్రమే మిగుల్చుకొందురు.

బేగంపేటలో వచ్చిన చిక్కు ఇంతకంటె కఠినమైనది. ముక్కు పైకెత్తిన పిదపగాని రెక్క మోయుట లేదని తెలియలేదు. ఆగుటకు వలసిన చోటు అప్పటికి గడచిపోయినది. ఎగురుటకు వలసిన బలము లేదు. అట్టి సమయమున పైలటుకు మిగిలినది రెండు చెడుగులలో చిన్నదానిని ఎన్నుకొనుటయే. ఎత్తునుండి ప్రక్కకు ఒరిగి కూలుటకంటె, రెక్కలు సమముగా నుండగానే నేలకు దించి జారనిచ్చుట మేలు. లోపలివారిలో ఒక్కరు తప్ప అందరును బ్రతికిన ఆ ప్రమాదమును చూచునపుడు ఈ మాటను మరువరాదు.

ఇంత సున్నితమైన పనిని ఒక మనిషి జ్ఞాపకము మీద వదలుట ప్రమాదమని విమానశాస్త్రము చాల కాలము క్రిందటనే నేర్చుకొన్నది. 1935 అక్టోబరు 30వ తేదీన అమెరికాలోని రైట్ ఫీల్డులో బోయింగ్ సంస్థ నిర్మించిన క్రొత్త నాలుగు ఇంజన్ల యుద్ధవిమానము పరీక్షార్థము లేచి, వెంటనే కూలినది. ఇద్దరు మరణించిరి. విమానము నిలిపియుంచినపుడు గాలికి తోక పలకలు కొట్టుకొనకుండ వేయు బిగింపును తీయుట మరచిరి. నడపినవారు అనుభవము లేనివారు కారు; ఆరితేరినవారే. ఆ తరువాత పైలట్లు పరుగునకు ముందు చూడవలసిన అంశములను చీటీ మీద వ్రాసికొని, ఒకరు చదువగా మరియొకరు చూచి సమాధానము చెప్పు పద్ధతి స్థిరపడినది. మన ఇండ్లలో పెండ్లి సామగ్రి చీటీని ఒకరు చదువుచుండగా మరియొకరు గంపలో చేయి పెట్టి చూచి ‘ఉన్నది’ అనునట్లే ఇదియును. చీటీ చదివినవాడు గంపను చూడకపోయినను, గంప చూచినవాడు చీటీని వినకపోయినను పసుపుకొమ్ము మరచుట ఖాయము.

ఆ చీటీ కూడ యాంత్రికమైనచో ఫలితము ఏమగునో 1987 ఆగస్టు 16వ తేదీన డెట్రాయిట్ నగరము చూచినది. నార్త్‌వెస్ట్ సంస్థ వారి విమానము ఫ్లాపులు తెరువకుండగనే పరుగు తీసి, కొద్దిగా లేచి, కూలినది. విమానములోని 155 మందిలో నాలుగేండ్ల బాలిక ఒక్కతెయే బ్రతికినది. నేల మీద మరి ఇద్దరు మరణించిరి. చీటీ చదువలేదు, హెచ్చరిక చేయవలసిన యంత్రమునకు విద్యుత్తు అందలేదు. ఇరువది యొక్క సంవత్సరముల తరువాత, 2008 ఆగస్టు 20వ తేదీన, స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో స్పాన్‌ఎయిర్ వారి అదే జాతి విమానము అదే కారణమున కూలి 154 మంది చనిపోయిరి. అచ్చటను హెచ్చరిక మ్రోగలేదు. నేర్చుకొన్న పాఠమును మరల మరల నేర్చుకొనుట తప్ప ఈ విద్యలో వేరు మార్గము లేదని ఈ రెండు తేదీలు చెప్పుచున్నవి.

ఇంతవరకు విమానములోని సంగతి. ఇక రన్‌వే కొసను దాటి చూతము.

ఔరంగాబాదు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోని నగరము. నేటి పేరు ఛత్రపతి శంభాజీనగర్. 1993 ఏప్రిల్ 26వ తేదీన, వేసవి మధ్యాహ్నమున, ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 విమానము 118 మందితో అచ్చట పరుగు తీసినది. అది నేలను విడుచునప్పటికి రన్‌వే దాదాపు ముగిసినది. రన్‌వే కొసకు ఆవల బీడు పోవు రహదారి కలదు. సరిగా ఆ సమయమున ప్రత్తి బేళ్లు ఎత్తుగా నింపిన లారీ ఒకటి ఆ దారిని పోవుచుండెను. విమానపు ఎడమ చక్రములును ఎడమ ఇంజను అడుగు భాగమును ఆ లారీకి తగిలినవి. అదుపు చెడిన విమానము విద్యుత్తు తీగలను తెంపుకొని కొన్ని కిలోమీటర్ల దూరమున పొలములలో కూలినది. 55 మంది మరణించిరి. విచారణలో రెండు కారణములు తేలినవి. ముక్కును పైకెత్తుటలో పైలట్లు ఆలస్యము చేసిరి, ఎత్తిన తీరును సరి కాదు. రెండవది, విమానములు లేచు వేళలలో ఆ రహదారి మీది రాకపోకలను విమానాశ్రయపు అధికార సంస్థ అదుపు చేయలేదు.

రెండవ కారణమును కొంచెము ఆలోచింపవలెను. లారీ నడపువాడు తన దారిని తాను పోయినాడు. అతనిని ఆపు గేటు లేదు. రైలు దారిని దాటు చోట గేటు వేసి, కాపలావానిని నిలిపి, పచ్చజెండా ఎర్రజెండా చూపుట మనకు అలవాటే. రైలు పట్టాల మీద పోవునని అందరికిని కనిపించును. విమానపు దారి మాత్రము కంటికి కనిపించదు. కాని ఆ దారి కలదు. అది రన్‌వే కొసతో ఆగదు. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ నియమముల ప్రకారము పెద్ద రన్‌వే కొసన 60 మీటర్ల పట్టీకి ఆవల కనీసము 90 మీటర్లు, వీలైనచో 240 మీటర్లు ఖాళీగా, చదునుగా విడువవలెను. అచ్చట గుంటలు, బండలు, గోడలు, కాలువలు ఉండరాదు. జారివచ్చిన విమానమునకు ఆ ఖాళీ నేలయే పరుపు. కాని నగరము పెరిగినకొలది ఖాళీ నేల మీద అందరి కన్నును పడును.

బేగంపేట చుట్టును అట్లే జరిగినది. విమానాశ్రయము కట్టిననాడు అది ఊరి అంచు. తరువాత రసూల్‌పుర, బాలానగర్, సనత్‌నగర్, బోయిన్‌పల్లి పెరిగి దానిని నాలుగు ప్రక్కల చుట్టుకొన్నవి. గోడ ప్రక్కన గుడిసె వేసికొన్నవానిని తప్పు పట్టుట సులభము. అతడు విమానముల మీద ప్రేమతో అచ్చటికి రాలేదు. పని దొరకు నగరములో అతనికి అందుబాటులోనున్న జాగా అది. అతడు అచ్చట నుండరాదనువారు అతడెచ్చట నుండవలెనో కూడ చెప్పవలెను. 2010 మార్చి 3వ తేదీన బేగంపేటలో జరిగిన విమాన ప్రదర్శనలో నౌకాదళపు విన్యాస విమానము ఒకటి క్రొత్త బోయిన్‌పల్లిలో ఇండ్ల నడుమ కూలి, నడపుచున్న ఇద్దరు అధికారులు మరణించిరి. ప్రయాణికుల విమానములు తరలిపోయిన రెండేండ్లకు జరిగిన సంగతి అది. నేటికిని బేగంపేటలో ప్రముఖుల విమానములు, వాయుసేన విమానములు లేచుచు దిగుచునే యున్నవి.

మరి రెండు ప్రమాదములను జ్ఞప్తికి తెచ్చుకొని ముందుకు సాగుదము. 2000 జులై 25వ తేదీన ప్యారిస్ నగరమున కాంకార్డ్ విమానము లేచుచుండగా, అంతకు ముందు లేచిన వేరొక విమానము నుండి రాలిన మూరెడు లోహపు రేకు దాని చక్రమును చీల్చినది. టైరు ముక్క తగిలి ఇంధనపు తొట్టి పగిలినది. విమానములోని 109 మందియు, అది కూలిన చోట నున్న హోటలులో నలుగురును మరణించిరి. 2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదులో లేచిన ఎయిర్ ఇండియా బోయింగ్ 787 విమానము రెండు ఇంజన్లకును ఇంధనము ఆగిపోయి, వైద్య కళాశాల విద్యార్థుల వసతిగృహము మీద కూలినది. విమానములోని 242 మందిలో ఒక్కరే బ్రతికిరి. నేల మీద 19 మంది పోయిరి. ఆ ప్రమాదమునకు బాధ్యులెవరను చర్చలోనికి మేమిచ్చట పోము. భోజనమునకు కూర్చున్న విద్యార్థులకు తమ నెత్తిమీది ఆకాశము ఒక రన్‌వేకు కొనసాగింపు అను తలంపు ఉండుటకు వీలు లేదు. ఉండవలసిన పనియు లేదు. ఆ తలంపు నగరమును నిర్మించువారికి ఉండవలెను.

బేగంపేటలో పోయిన ముగ్గురును, ప్యారిస్‌లో పోయిన నలుగురును, అహమ్మదాబాదులో పోయిన పందొమ్మండుగురును ఒకే జాబితాలోనివారు. వారు టిక్కెట్టు కొనలేదు; విమానములో చెప్పు జాగ్రత్తలను వినలేదు; తప్పించుకొను ద్వారము వారికి లేదు. వారి రక్షణ అంతయు ఇతరుల నియమపాలన మీదనే ఆధారపడియున్నది. పైలటు చీటీ చదువుట, మిస్త్రీ స్లాటును పరీక్షించుట, కొసనున్న నేలను ఖాళీగా ఉంచుట, రన్‌వే మీది రేకును ఏరివేయుట, ఇవి విడివిడి పనులుగా కనిపించును గాని గోడ కవతలివాని ప్రాణమునకు ఇవన్నియు కలసి ఒకే కంచె.

ఆ కంచెలో మన ప్రాంతపు గృహస్థులకును చిన్న పాలు కలదు. 1937 నాటి విమాన నియమావళిలో 91వ నియమము ప్రకారము విమానాశ్రయమునకు 10 కిలోమీటర్ల లోపల బహిరంగముగా పశువులను కోయుట, పక్షులను ఆకర్షించు చెత్తను పారవేయుట నిషిద్ధము. యూసుఫ్‌గూడ, అమీర్‌పేట, పంజాగుట్ట మూడును బేగంపేటకు ఆ దూరము లోపలనే యున్నవి. మాంసపు దుకాణపు వ్యర్థములు వీధి మూలను పడినచో గ్రద్దలు చేరును. గ్రద్దలు చేరినచో ఆకాశమున చుట్టు తిరుగును. లేచుచున్న జెట్టు ఇంజను గాలితోపాటు వానిని కూడ లోపలికి పీల్చుకొనును. 2009 జనవరి 15వ తేదీన న్యూయార్క్‌లో లేచిన విమానమునకు బాతుల గుంపు తగిలి రెండు ఇంజన్లును చెడగా, పైలటు దానిని హడ్సన్ నది మీద దింపి 155 మందిని కాపాడినాడు. అందరు పైలట్లకును అంత దాపున నది దొరకదు. బేగంపేట ప్రక్కన హుస్సేన్‌సాగరము కలదు గాని అది అంత విశాలమైనది కాదు.

అట్లే విమానాశ్రయపు చుట్టుప్రక్కల మేడ కట్టుటకు ఎత్తు పరిమితి కలదు. అనుమతి లేని అంతస్తు, దాని మీద నీళ్లతొట్టి, దాని మీద ప్రకటన పలక లేచినపుడు, అది పురపాలక సంఘమునకును గృహయజమానికిని మధ్యనున్న తగవుగానే మనము తలంతుము. కాని ఆ తగవులో మూడవ పక్షము ఒకటి కలదు. అది ఆకాశమున పోవుచున్నది. విమానపు దారిలో గాలిపటముల నెగురవేయుట, రాత్రివేళ లేజరు దీపములను పైలటు కంటికి త్రిప్పుట కూడ పిల్లచేష్టలుగా విడువదగినవి కావు.

ఇక ప్రయాణికుల పాలు. 1985 ఆగస్టు 22వ తేదీన ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున బోయింగ్ 737 విమానము పరుగులో నుండగా ఇంజను పగిలినది. పైలటు వేగము హద్దు దాటకముందే విమానమును ఆపినాడు. విమానము నేలను విడువనే లేదు. ఐనను 137 మందిలో 55 మంది మరణించిరి. వారిలో అధికులను చంపినది మంట గాక పొగ. ఆ పిదప ఆసనములకు త్వరగా అంటుకొనని గుడ్డ వచ్చినది. పొగలో దారి చూపుటకు నేల వెంట దీపములు వచ్చినవి. రెక్కల మీది ద్వారముల వద్ద త్రోవ వెడల్పైనది. ప్రయాణికులందరును సగము ద్వారములతోనే 90 సెకనులలో బయటపడగలరని నిరూపించినగాని పెద్ద విమానమునకు అనుమతి దొరకదు. 2024 జనవరి 2వ తేదీన టోక్యోలో దిగుచు వేరొక విమానమును ఢీకొని మండిన జపాను విమానము నుండి 379 మందియు సామానులు వదలి, సిబ్బంది మాట విని, ప్రాణములతో బయటపడిరి. తొంబది సెకనుల లెక్కలో పైనున్న పెట్టెను దించుటకు కాలము చేర్చలేదు.

శ్రోతలారా, విమానప్రయాణమునకు భయపడుమని చెప్పుట మా ఉద్దేశము కాదు. ప్రతి దినమును లెక్కలేనన్ని విమానములు నేలను విడుచుచున్నవి, క్షేమముగా చేరుచున్నవి. ఆ క్షేమము దానంతట అది వచ్చినది కాదని చెప్పుటయే మా ఉద్దేశము. ప్రమాదము జరిగినపుడు విధి అని నిట్టూర్చుటయు, పైలటు తప్పు అని తీర్మానించుటయు ఒకే విధముగా మన ఆలోచనకు తలుపు మూయును. నైరోబీలో కవాటము, డెట్రాయిట్‌లో చీటీ, ఔరంగాబాదులో లారీ, ప్యారిస్‌లో రేకు: ప్రతిసారియు విచారణ చేసినవారు తలుపు తెరచి చూచిరి కనుకనే తరువాతివారు బ్రతికిరి.

ఈసారి మీరు విమానము ఎక్కినపుడు పరిచారిక చెప్పు మాటలను చెవియొగ్గి వినుడు; మీకు దగ్గరనున్న ద్వారము ఎన్ని వరుసల దూరమున నున్నదో లెక్కించుడు. ఎక్కని దినమున, మీ వీధి మూలను మాంసపు వ్యర్థములు పడియుండి గ్రద్దలు తిరుగుచున్నచో పురపాలక కార్యాలయమునకు ఒక ఫిర్యాదు వ్రాయుడు. పని జరుగువరకు విడువకుడు. 1978 డిసెంబరు 17న నేల మీద పోయిన ఆ ముగ్గురి పక్షమున మేము చేయు మనవి ఇదియే.